మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానం: కిట్టా, రెడీమేడా, తీర్థంలో దొరికే ప్లాస్టిక్‌దా?

కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థంలో (జాతరలో) మా మేనల్లుడు పట్టుబట్టి ఒక రిమోట్ విమానం కొనిపించుకున్నాడు. ఎర్ర రెక్కలు, వాటి ముందు రెండు బుల్లి ఫ్యాన్లు, చేతిలో రెండు మీటల రిమోట్. ఇంటికొచ్చాక వాడు ఆగలేదు. సాయంత్రం నాలుగింటికే చెరువు గట్టు మీదికి వెళ్లాం. సముద్రపు గాలి ఇంకా తగ్గలేదు. చేత్తో విసిరాను. లేచింది, గాలికి పక్కకి తిరిగింది, వాడు ఎంత నొక్కినా వెనక్కి రాలేదు. వెళ్లి వెళ్లి పక్కవాళ్ల రొయ్యల చెరువులో పడింది. కాపలా ఆయన మేత పడవ వేసుకెళ్లి తెచ్చిచ్చాడు.

"మామయ్యా, బాగుచేద్దామా?" అన్నాడు వాడు.

విప్పుదామంటే స్క్రూలు లేవు, బాడీ రెండు సగాలూ జిగురుతో అంటించేశారు. కోసి చూస్తే రిమోట్ సంకేతం అందుకునే రిసీవరూ మోటార్ల కంట్రోలూ అన్నీ ఒకే చిన్న బోర్డు మీద ఉన్నాయి. ఉప్పునీళ్లకి ఆ బోర్డు పోయింది. విడిగా దొరకదు. ఆ రిమోట్ వేరే విమానానికి పనికిరాదు. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పట్నుంచి ఎవరు "ఏ విమానం కొనమంటారండి?" అని అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: పడ్డాక మీ చేత్తో మీరు బాగుచేసుకోగలరా? కొత్తగా నేర్చుకునేవాళ్ల విమానం పడితీరుతుంది. ధర, అందం, వేగం అన్నీ ఆ తర్వాత చూసుకోవాల్సినవే.

ముందు పొలం చూడండి, తర్వాతే విమానం

మన డెల్టాలో విమానం ఎగరేసే చోటు దొరకడమే కష్టం. కోనసీమలో ఎటు చూసినా కొబ్బరి చెట్లు. భీమవరం, పాలకొల్లు వైపు చెరువులు, వాటి గట్ల మీద కరెంటు స్తంభాలు, ఏరియేటర్ల తీగలు, పక్షులు వాలకుండా నీళ్ల మీద కట్టిన దారాలు. అవి దూరం నుంచి కనపడవు, విమానం తగులుకున్నాకే తెలుస్తాయి.

నేర్చుకోవడానికి అడ్డం లేని చోటు కనీసం రెండు మూడు ఎకరాలు ఒకే చెక్కగా ఉండాలి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, చదరంగా అనుకుంటే ఒక్కో వైపు 64 మీటర్లు. మామూలు ట్రైనర్ (నేర్చుకోవడానికి చేసిన) విమానం ఆ దూరాన్ని ఐదారు సెకన్లలో దాటేస్తుంది. మలుపు తిప్పడానికి చోటు ఎంత కావాలో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

మనకి కలిసొచ్చే కాలం దాళ్వా కోతలయ్యాక, కాలువలకి నీళ్లు ఆపేశాక. ఏప్రిల్ చివర్నుంచి తొలకరి దాకా పొలాలు ఎండి గట్టిపడి ఉంటాయి. సార్వా కోతలకీ దాళ్వా నాట్లకీ మధ్య కూడా కొన్ని రోజులు దొరుకుతాయి. అయితే ఆ పొలాల్లో వరి దుబ్బులు ఉంటాయి కదా, చక్రాలు వాటికి తగిలి విమానం ముక్కు మీద పల్టీ కొడుతుంది. అలాంటి చోట చక్రాలు తీసేసి, చేత్తో విసిరి లేపి, పొట్ట మీద దింపడమే మేలు. కాబట్టి పొట్ట మీద దిగగలిగే ఫోమ్ విమానం మన పొలాలకి సరిపోతుంది. బల్సా అనే తేలిక చెక్కతో చేసిన, సన్నటి కాళ్లున్న విమానానికి చదునైన గ్రౌండ్ కావాలి. జడ్పీ హైస్కూల్ గ్రౌండ్ దొరికితే హెడ్మాస్టర్ గారిని అడిగి, పిల్లలు లేని వేళ చూసుకోండి. గోదావరి లంకల్లో ఇసుక తిన్నెలు మెత్తగా ఉంటాయని కొందరు అక్కడికెళ్తారు. పడితే దెబ్బ తగలని మాట నిజమే కానీ, ఇసుక మోటార్ బేరింగుల్లోకి, సర్వోల (రెక్క, తోక భాగాల్ని కదిలించే చిన్న మోటార్ల) పళ్లలోకి దూరితే వదలదు.

గాలి గురించి ఒక్క ముక్క: కొబ్బరి మట్టలు కదలకుండా వేలాడుతుంటే వెళ్లండి, ఊగుతుంటే ఇంట్లోనే ఉండండి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మంచి సమయం.

ఇంకో పని కూడా పొలం చూసేటప్పుడే అయిపోవాలి. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో మీ ఊరు ఏ రంగులో ఉందో చూడండి. 2021 డ్రోన్ రూల్స్ పైలట్ లేకుండా ఎగిరే వాటన్నిటి గురించీ మాట్లాడతాయి, రెక్కల విమానాలు కూడా అందులోకే వస్తాయి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. ఎయిర్‌పోర్ట్ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఉంటే 200 అడుగులే. మధురపూడి ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉండే రాజమండ్రి వాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. విమానం బరువు 2 కిలోల లోపు ఉండి, సరదాకే ఎగరేస్తుంటే పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. విమానం ఎంచుకునేటప్పుడు ఈ 2 కిలోల లెక్క మనసులో పెట్టుకోండి.

పెట్టె మీద రాసిన అక్షరాలకి అర్థం

షాపుల వాళ్లు వాడే పొట్టి మాటలు తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆర్‌టీఎఫ్ అంటే అన్నీ ఉన్నట్టు: విమానం, రిమోట్, బ్యాటరీ, ఛార్జర్. బీఎన్‌ఎఫ్‌లో రిసీవర్ ఉంటుంది, దానికి సరిపోయే రిమోట్ మీ దగ్గర ఉండాలి. పీఎన్‌పీ అంటే మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), సర్వోలు బిగించి ఉంటాయి, రిమోటూ రిసీవరూ బ్యాటరీ మనవి. ఏఆర్‌ఎఫ్ అంటే రెక్కలూ బాడీ కట్టి పైన ఫిల్మ్ అంటించి ఇస్తారు, లోపలి సామాను చాలావరకు మనమే కొని బిగించుకోవాలి. కిట్ అంటే చెక్క ముక్కలు, ప్లాను, అంతే.

అందుకే "ఈ కిట్ చవగ్గా ఉంది" అనిపిస్తే ఆగి, పెట్టెలో లేనివేమిటో కాగితం మీద రాసుకోండి.

చవక ప్లాస్టిక్ విమానం ఎవరికి?

పదేళ్ల లోపు పిల్లలకి, ఒక సెలవు రోజు సరదాకి. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. వీటిలో ఎక్కువ భాగం రెండు ఛానళ్లవి, అంటే రిమోట్ రెండు పనులే చేయించగలదు. రెండు మోటార్లలో ఒకదాని వేగం తగ్గించి పక్కకి తిప్పుతాయి, తోకలో కదిలే భాగమే ఉండదు. అంటే ముక్కు ఎత్తడం, దించడం మీ చేతిలో లేదు. విమానం నడపడంలో మొదట నేర్చుకోవాల్సింది అదే. గాలి కొంచెం వీచినా దాన్ని ఎదుర్కొనే బలం ఆ చిన్న మోటార్లకి ఉండదు.

కొనాలనే ఉంటే మూడు విషయాలు చూడండి: తోకలో ఎలివేటర్ (ముక్కుని ఎత్తి దించే పలక) కదులుతోందా, బ్యాటరీ విడిగా ఊడొస్తోందా, అదే షాపులో ఫ్యాను, రెక్క విడిగా అమ్ముతున్నారా. మూడింటికీ అవును అంటే పిల్లాడికి కొనిపెట్టండి. గట్టి ప్లాస్టిక్ బాడీ కంటే వంచితే వంగే ఫోమ్ బాడీ మేలు. ప్లాస్టిక్ పగిలితే అంచులు కలవవు, ఫోమ్ విరిగితే అతుక్కుంటుంది.

రెడీమేడ్ ఫోమ్ ట్రైనర్: ఎక్కువమందికి ఇదే సరైనది

నా సలహా దాచుకోను. ఒంటరిగా నేర్చుకునేవాళ్లు, అంటే పక్కన చెప్పేవాళ్లు ఎవరూ లేనివాళ్లు, పీఎన్‌పీ ఫోమ్ ట్రైనర్‌తో మొదలుపెట్టండి. ఆర్‌టీఎఫ్ కూడా మంచిదే కానీ, దాంతో వచ్చే రిమోట్ చాలాసార్లు ఆ ఒక్క విమానానికే పరిమితం.

ఎంచుకునేటప్పుడు రెక్క బాడీకి పైన ఉండాలి. రెక్కలు రెండూ కొసల దగ్గర కొంచెం పైకి లేచి ఉండాలి, దీన్ని డైహెడ్రల్ అంటారు. స్టిక్ వదిలేస్తే విమానం తనంతట తానే రెక్కలు సమంగా చేసుకోవడానికి ఇదే కారణం. రెక్కల పొడవు మీటరు నుంచి 1.4 మీటర్ల మధ్య, బరువు కిలోకి అటూ ఇటూ. చిన్నవి తేలిగ్గా ఉంటాయి గానీ గాలికి ఊగిపోతాయి, యాభై మీటర్లు దాటితే ఎటు తిరిగి ఉందో కళ్లకి ఆనదు. ఫ్యాను రెక్క వెనక ఉన్న రకం దొరికితే ఇంకా మంచిది, ముక్కు నేలకి తగిలినప్పుడల్లా ఫ్యాను విరగదు.

ఫోమ్‌లోనూ రకాలున్నాయి. ఈపీపీ రబ్బరులా వంగుతుంది, ఈపీవో కొంచెం గట్టిది, నున్నగా ఉంటుంది. రెండింటికీ ఫెవిక్విక్ లాంటి జిగురు పనిచేస్తుంది. పెళ్లి మండపాలకి వాడే తెల్ల థర్మోకోల్ వేరు, దాన్ని అదే జిగురు కరిగించేస్తుంది. ఏది ఏదో తెలియకపోతే లోపలి వైపు ఒక చుక్క వేసి చూడండి.

స్థిరంగా ఉంచే గైరో ఉన్న విమానాలు ఇప్పుడు చాలా వచ్చాయి. నేర్చుకునేవాళ్లకి అది నిజంగా సాయం చేస్తుంది. నాలుగైదు రోజులు వాడి, తర్వాత ఎత్తులో ఉన్నప్పుడు ఆపి అలవాటు చేసుకోండి.

విదేశీ వెబ్‌సైట్లలో ఆర్డర్ పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి: 2022 ఫిబ్రవరిలో కేంద్రం తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాల్ని కాదు. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోతే మనం చేయగలిగేది తక్కువ. దేశంలో స్పేర్ రెక్క, స్పేర్ తోక దొరికే మోడలే కొనండి. నేనైతే స్పేర్ రెక్క ఉందో లేదో అడిగాకే విమానం ధర అడుగుతాను.

కిట్: చేతులకి ఓపిక ఉంటే

బల్సా చెక్క ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. మొదటిసారి చేతిలోకి తీసుకుంటే అది చెక్కంటే నమ్మబుద్ధి కాదు. ఒకే కొలత ఉన్న రెండు పలకలు రెండు అరచేతుల్లో పెట్టుకుంటే ఒకటి బరువు, ఒకటి తేలిక అని స్పష్టంగా తెలుస్తుంది. బరువైనది రెక్క మధ్యలో స్పార్ అనే పొడవు బద్దకి, తేలికైనది తోకకి వాడాలి. తోకలో పెరిగిన ప్రతి గ్రాముకీ ముక్కులో అంతకు రెండు మూడింతలు సీసం పెట్టాల్సి వస్తుంది. ఈ సంగతి కిట్ కట్టేటప్పుడు చేతులకే అర్థమవుతుంది.

కట్టడానికి ముందు కావాల్సింది ఏ మాత్రం వంకర లేని బల్ల. పాత ఫ్లష్ డోర్ ఒకటి చాలు. దాని మీద ప్లాను పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, గుండుసూదులతో రిబ్బుల్ని (రెక్క అడ్డబద్దల్ని) నిలబెట్టి అంటిస్తారు. ప్లాస్టిక్ వేయకపోతే రెక్క ప్లానుకి అతుక్కుపోతుంది. ఎక్కువ అతుకులకి ఫెవికాల్ సరిపోతుంది, తేలిగ్గా ఉంటుంది, ఇసక కాగితం పెడితే అరుగుతుంది. మోటారు బిగించే చోట, చక్రాల కమ్మీ దగ్గర మాత్రం అరాల్డైట్.

మన తేమ సంగతి వేరే చెప్పాలి. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు సూదులు తీసేసి రెక్కని రాత్రంతా బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి మెలి తిరుగుతుంది. ఆరేదాకా సూదులు తీయకండి. పైన ఫిల్మ్ అంటించాక తేమ మారుతుంటే అది వదులై ముడతలు పడొచ్చు, కంగారు పడక్కర్లేదు. సన్న వేడి మీద ఇస్త్రీ పెట్టె మళ్లీ తిప్పితే బిగుసుకుంటుంది. రెక్క వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి, రెండు వైపులా ఒకే వాలు కనపడాలి.

రోజూ గంట కూర్చుంటే చిన్న కిట్ నెల పైనే పడుతుంది. ఆ నెల రోజుల పని మొదటి రోజే పొలంలో ముక్కలైతే మనసు విరిగిపోతుంది. అందుకే కిట్ రెండో విమానంగా మేలని చెబుతాను. ఒకవేళ ఊళ్లో ఎగరేసే పెద్దవాళ్లు ఎవరైనా ఉండి, మొదటి రోజు రిమోట్ వాళ్లు పట్టుకుంటామంటే, మొదటిదే కిట్ అయినా పరవాలేదు. అప్పుడు మీరు కట్టిన విమానం లోపల ప్రతి అతుకూ మీకు తెలుసు కాబట్టి విరిగినా భయం ఉండదు. ఒకప్పుడు ఇంజిన్లకి చేసిన పెద్ద ట్రైనర్ కిట్ల జోలికి మాత్రం పోకండి, అవి చాలావరకు 2 కిలోలు దాటుతాయి.

డబ్బు తక్కువ, చేతులకి పని ఇష్టం అనుకునేవాళ్లకి మధ్య దారి ఒకటుంది: ఫోమ్‌బోర్డు మీద ఉచితంగా దొరికే ప్లాన్లు గీసి, కత్తితో కోసి, గ్లూ గన్‌తో అంటించడం. రెండు ఆదివారాల పని. ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటుతోనూ చేస్తారు. అది బరువెక్కువ, కానీ ఎన్నిసార్లు పడ్డా చిరగదు. సంక్రాంతికి వెదురు బద్ద వంచి గాలిపటం కట్టినవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు, బద్ద రెండు వైపులా ఒకే బరువు ఉండాలని వాళ్ల చేతులకి ముందే తెలుసు.

మొత్తం లెక్క: రిమోట్ ముందు

విమానం పోతుంది, రిమోట్ ఉంటుంది. కాబట్టి డబ్బు రిమోట్ మీద పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్, ఆరు ఛానళ్లు, మోడల్ మెమరీ (ఒక్కో విమానం సెట్టింగులు విడిగా గుర్తుంచుకునేది) ఉన్నది తీసుకోండి. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటిది రిసీవర్‌తో కలిపి సుమారు ఐదారు వేలలో వస్తుంది. దాన్నే కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి సిమ్యులేటర్‌లో పది గంటలు నేర్చుకుంటే రెండు మూడు విమానాల ఖర్చు మిగులుతుంది.

సొంతంగా కట్టేవాళ్లకి లెక్క ఇలా ఉంటుంది. మోటారు మీద 1000 కేవీ అని ఉంటే, లోడు లేనప్పుడు వోల్టుకి నిమిషానికి వెయ్యి చుట్లు అని అర్థం. మూడు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి 11,100 చుట్లు. దానికి 10 అంగుళాల ఫ్యాను, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, నాలుగు 9 గ్రాముల సర్వోలు, 2200 ఎంఏహెచ్ బ్యాటరీ. కిలో లోపు ట్రైనర్‌కి ఇది సరిపోతుంది. సగటున 10 ఆంపియర్లు లాగితే ఆ బ్యాటరీ 13 నిమిషాలు వస్తుంది, కానీ 80 శాతమే వాడాలి. మొదట్లో రిమోట్‌లో టైమర్ 7 నిమిషాలకి పెట్టుకోండి.

బ్యాటరీ విషయంలో పొదుపు వద్దు. సెల్స్ అన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ తప్పనిసరి. సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3.5 కంటే కిందికి దింపకూడదు, వారం పాటు వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. గచ్చు మీద పెట్టి, మీరు అక్కడే ఉండి ఛార్జ్ చేయండి, మంచం మీద ఎప్పుడూ వద్దు. మే నెల ఎండలో కారులో వదిలేయకండి. ఉబ్బిన బ్యాటరీ ఎంత కొత్తదైనా పక్కన పెట్టేయాల్సిందే.

ఎగరేసే ముందు

ఇంట్లో ఫ్యాను తీసేసి అన్నీ సరిచూసుకోండి. ముందు రిమోట్ ఆన్ చేయాలి, తర్వాత విమానంలో బ్యాటరీ పెట్టాలి. తీసేటప్పుడు వరస తిరగబడుతుంది. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్క వెనక అంచున కదిలే పలక, అంటే ఐలరాన్, పైకి లేవాలి. స్టిక్ మీ వైపు లాగితే తోకలో ఎలివేటర్ పైకి లేవాలి. ఇవి తిరగబడి ఉంటే విమానం రెండు సెకన్లలో నేల మీదుంటుంది. రిమోట్ ఆపేస్తే మోటారు కూడా ఆగాలి, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు.

ఇక బ్యాలెన్స్. బ్యాటరీ పెట్టాక రెక్క కింద రెండు చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని లేపండి. రెక్క వెడల్పు 18 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి నాలుగున్నర నుంచి ఐదున్నర సెంటీమీటర్ల మధ్య అది నిలవాలి. ముక్కు రవ్వంత కిందికి వాలినా పరవాలేదు. తోక కిందికి వాలితే మాత్రం విసరకండి, బ్యాటరీ ముందుకి జరపండి.

విసిరేటప్పుడు గాలికి ఎదురుగా, నేలకి సమాంతరంగా, మూడొంతుల థ్రాటిల్‌తో (మోటారు జోరుతో). లేచాక మూడు కొబ్బరి చెట్ల ఎత్తు దాకా ఏమీ తిప్పకండి. విమానం మీ వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ ఆ వైపే తోయండి, లేస్తుంది.

పడ్డాక

చెట్టు మీద చిక్కుకుంటే రాళ్లు విసరకండి, ఫోమ్ చిరిగిపోతుంది. మా ఊళ్లో కొబ్బరికాయలు దింపు తీసే ఆయన ఉన్నాడు. "బేటరీ వైరు ఎక్కడుంటదో సెప్పండి, పైనే పీకేత్తాను, ఆయ్" అని అడిగాకే చెట్టెక్కుతాడు. కరెంటు తీగల మీద పడితే గెడతో లాగే ప్రయత్నం అసలు చేయకండి, లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేసి లైను ఆపించాకే. విమానం పొట్ట కింద మీ ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి ఉంచండి.

ఉప్పునీళ్ల చెరువులో పడితే ముందు బ్యాటరీ పీకి దూరంగా పెట్టండి, దాన్ని మళ్లీ ఛార్జ్ చేయకండి. మిగతాదంతా మంచినీళ్లతో బాగా కడిగి, దులిపి, రెండు రోజులు నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. ఆ పనిలో ఆలస్యం చేస్తే ఉప్పు ఈఎస్‌సీని తినేస్తుంది.

పోయిన వేసవిలో మా మేనల్లుడి ఈపీవో ట్రైనర్ గట్టుకి గుద్దుకుని ముక్కు అప్పడంలా నలిగింది. ఇంటికి తెచ్చి, మోటారు విప్పి, గిన్నెలో నీళ్లు మరగబెట్టాం. నేను గరిటెతో వేడినీళ్లు పోస్తుంటే వాడు దగ్గరికి వంగి చూస్తున్నాడు. నలిగిన ఫోమ్ గింజలు ఒక్కొక్కటే ఉబ్బుతూ, ముడతలు విప్పుకుంటూ, ముక్కు మళ్లీ గుండ్రంగా వచ్చింది. మిగిలిన పగులులో వాడే జిగురు పెట్టి, టేపు చుట్టి, పొద్దున్న దాకా ముట్టుకోవద్దని వాళ్లమ్మకి చెప్పి పడుకున్నాడు.